వేలిముద్ర నాన్న

పిల్లల్ని ఇంటర్నెట్ బారి నుంచి కాపాడే విద్యలో మా కాలనీకంతటికీ పెద్ద దిక్కుగా కొంతకాలం చెలామణీ అయ్యాను. నాకున్న అర్హత ఒక్కటే. విజయవాడ ఆటోనగర్లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్యాలీ ముందు కూర్చుంటాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి దాని లోపలి సంగతులు కూడా తెలిసే ఉంటాయని మావాళ్ళ నమ్మకం. నలుగురి నమ్మకం చెడగొట్టడం నాకిష్టం లేకపోయింది. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే ఆఫీసు కుర్రాణ్ణి కేకేస్తానన్న ముక్క మాత్రం ఎవరి దగ్గరా అనలేదు.

ఆ కీర్తి పాకి పాకి బడి దాకా వెళ్ళింది. పేరెంట్స్ మీటింగులో పిల్లల ఆన్‌లైన్ భద్రత మీద నాలుగు మాటలు చెప్పమని కబురు పెట్టారు. మా ఆవిడ విని "మీరా?" అంది. ఆ రెండక్షరాలూ వంటింట్లో మొదలై, ఆవిడ గరిటెతో సహా హాల్లోకి వచ్చేదాకా సాగాయి.

సరే, ఊరికి చెప్పబోయే ముందు ఇంట్లో చేసి చూపించాలి కదా. పెద్దది ఎనిమిదో తరగతి, చిన్నాడు ఐదో తరగతి. ఫోన్ మొత్తానికే లాగేసుకుందామంటే కుదరదు. 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. బడులు తెరిచాక పాఠం వెనక్కి వెళ్ళింది గాని హోంవర్కు ఫోన్లోనే కాపురం పెట్టింది. రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ గ్రూపులో టీచరుగారు ఫొటో పెడితే తప్ప మర్నాడు ఏం పరీక్షో ఆ సరస్వతీదేవికి కూడా తెలియదు. "ఫోన్ ముట్టుకోకండి" అని నేను, "ఫోన్ చూసి రాసుకోండి" అని బడి. పిల్లలు ఇద్దరి మాటా మన్నిస్తూ, మధ్యలో దొరికిన సందులో ఆట ఆడుకుంటున్నారు.

అందుకని గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ ఎక్కించాను. నిజంగా మంచి సాధనమే. పిల్లల ఫోన్ రోజుకి ఎంతసేపు నడవాలో, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలో మన ఫోన్లోంచి చెప్పచ్చు. కొత్త యాప్ ఏది దించుకోవాలన్నా మన అనుమతి కోసం చేతులు కట్టుకుని నిలబడుతుంది. రాత్రి తొమ్మిదికి తాళం పడేట్టు పెట్టి, సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. ఇంటి యజమానినన్న తృప్తి గృహప్రవేశం రోజున కూడా అంతగా కలగలేదు. ఆ రోజు అప్పిచ్చిన బ్యాంకు గుర్తొస్తూ ఉండింది.

కొన్నాళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. పిల్లలు గొడవ చేయలేదు. ఏడవలేదు. "ఇంకో ఐదు నిమిషాలు నాన్నా" అని బతిమాలలేదు. తండ్రన్నవాడు సరిగ్గా అక్కడే అనుమానపడాలి. నేను మాత్రం అది నా పెంపకం అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పు, గుమ్మడి వడియాలు, కాస్త శ్రుతి మించిన గోంగూర పచ్చడితో భోంచేసి చాప మీద నడుం వాల్చాను. కలలో ఎవరో నా చేయి పట్టుకుని ఏవో కాగితాల మీద ముద్రలు వేయించుకుంటున్నారు. కళ్ళు సగం తెరిచి చూద్దును కదా, చిన్నాడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా కుడిచేతి బొటనవేలిని రెండు వేళ్ళతో సుతారంగా పట్టుకుని నా ఫోన్ మీద ఆనిస్తున్నాడు. వేలికి గోంగూర నూనె జిడ్డుందేమో, పడలేదు. వాడు విసుక్కోలేదు. చొక్కా అంచుతో నా వేలు శుభ్రంగా తుడిచి, కొంచెం పక్కకి తిప్పి మళ్ళీ ఆనించాడు. తెరుచుకుంది. ఫ్యామిలీ లింక్‌లోకి వెళ్ళి తనకి తనే గంటసేపు అదనంగా మంజూరు చేసుకున్నాడు. ఫోన్ని తిరిగి నా దిండు కింద దూర్చి, నా చేతిని తెచ్చి నా బొజ్జ మీద పెట్టి, కాలిమునివేళ్ళ మీద వెళ్ళిపోయాడు. ఆ చేతివాటం చూస్తే అది మొదటి బేరంలా లేదు.

మా తాతకి చదువు రాదు. చూసుకోకుండా నోటు మీద వేలిముద్ర వేసి రెండెకరాల మాగాణి పోగొట్టుకున్నాడని చెప్పి చెప్పి మా నాన్న నన్ను బీకాం దాకా చదివించాడు. తీరా చదివి నేను సాధించిందేమిటంటే, తాత మెలకువగా ఉండి వేసిన వేలిముద్రలు నేను నిద్రలో వేస్తున్నాను.

ఇందులో చట్టం కూడా ఉంది. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దాని లెక్కలో 18 ఏళ్ళు నిండనివాళ్ళందరూ పిల్లలే. వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇచ్చింది అమ్మానాన్నలేనని రూఢి చేసుకోవాలి. పిల్లలు ఏం చూస్తున్నారో వెంటబడి గమనించి, వాళ్ళకి గురిపెట్టి ప్రకటనలు వదలకూడదు. 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి, విడతలవారీగా అమల్లోకి వస్తాయి. ఢిల్లీలో అంతమంది తలలు బద్దలు కొట్టుకుని రాసిన ఆ నిబంధనకి, మా ఇంట్లో నా బొటనవేలు గుర్రుపెడుతూ ఆమోదముద్ర వేసేస్తోంది.

వేలిముద్ర తీసేసి నాలుగంకెల పిన్ పెట్టాను. ఎవరికీ తట్టకూడదని బాగా ఆలోచించి పెద్దదాని పుట్టిన సంవత్సరం పెట్టాను. చిన్నాడికి ఒకే ఒక్కసారి తప్పిందట. నాన్న తన సంవత్సరం పెట్టుకుని ఉంటాడని వాడు ఆశపడ్డాడు. అక్కది పెట్టానని ఇప్పటికీ మొహం ముడుచుకుంటాడు.

ఇంతలో బడిలో పెద్దదానికి ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళెవరిదైనా సోషల్ మీడియా ఖాతా చూసి, ముక్కూమొహం ఎరగని మనిషికి అందులోంచి ఏమేం తెలుస్తాయో రాసుకు రావాలి. అది నా ఫేస్‌బుక్ ఎంచుకుంది. ఎందుకమ్మా అంటే, "నీది అందరికీ తెరిచే ఉంది నాన్నా, త్వరగా అయిపోతుంది" అంది. రాత్రి భోజనాల దగ్గర గొంతు సవరించుకుని చదివింది.

అమ్మాయి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెలుసు. ఏటా "నా బంగారు తల్లికి" అంటూ కేకు ఫొటో, మీద కొవ్వొత్తి అంకెలు, కాబట్టి పుట్టిన తేదీ తెలుసు. యూనిఫాంలో ఫొటో ఉంది, మెళ్ళో ఐడీ కార్డు ఉంది, పెద్దది చేసి చూస్తే అడ్మిషన్ నంబరు, కింద నాన్న ఫోన్ నంబరు. స్కూలు వ్యాను పక్కన ఫొటో ఉంది, వ్యాను నంబరు తెలుసు. మంగళవారం, శనివారం సాయంత్రం ఐదింటికి కూచిపూడి క్లాసు, వీధి పేరు పోస్టులోనే ఉంది. కొత్తింటి గుమ్మానికి మామిడాకుల తోరణం, తోరణం కింద డోర్ నంబరు. "ఏడుకొండలవాడి దర్శనానికి సకుటుంబంగా బయలుదేరాం, మళ్ళీ సోమవారం కలుద్దాం" అన్న పోస్టు దగ్గర ఆగి నా వైపు చూసి, "ఇది దొంగలకి నాన్నా" అంది. తిరుమలలో గుండు కొట్టించాక తమ్ముడు తువ్వాలుతో నిలబడ్డ ఫొటోకి నూట చిల్లర లైకులున్నాయని వాడు అప్పుడే తెలుసుకున్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

చివర్లో ముగింపు రాసింది: 'ఈ ఇంట్లో పిల్లల వివరాలు అపరిచితులకు అందజేస్తున్న వ్యక్తి: మా నాన్న.' పదికి పది వచ్చాయి. మా ఆవిడ ఆ కాగితాన్ని కరెంటు బిల్లులు, ఎల్‌ఐసీ రసీదులు పెట్టే ఫైల్లో దాచింది. ఎప్పుడైనా పనికొస్తుందిట.

మా అమ్మ మాత్రం, "పిల్లల ఫొటోలు పదిమందికీ చూపించకురా, దిష్టి తగులుతుందని నేను మొత్తుకోలేదూ?" అంది. అప్పట్లో ఆవిణ్ణి చాదస్తమన్నాను. ప్రైవసీ సెట్టింగులు పుట్టకముందే మన ఇళ్ళలో ఆ శాఖని ముసలమ్మలు చూసుకునేవారన్న సంగతి నాకు ఆలస్యంగా వెలిగింది. అయినా నేనొక్కణ్ణే దోషినా? ఫలితాల రోజుల్లో మా ఊళ్ళో ఏ సెంటర్లో చూసినా పిల్లల మొహాలు, పేర్లు, మార్కులు, హాల్‌టికెట్ నంబర్లతో ఫ్లెక్సీలు వేలాడతాయి. క్లాసు గ్రూపుల్లో మార్కుల జాబితాలు అందరి పేర్లతో తిరుగుతాయి. ఆడపిల్లని ఒంటరిగా సందు చివరికి పంపని ఊరు, ఆ పిల్ల ఫొటోని మాత్రం నాలుగు రోడ్ల కూడలిలో వదిలి వస్తుంది.

ఈ అవమానం అరగకముందే ఇంకోటి. మా అమ్మ గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ మాటల్లో, "ఒరేయ్, ఫోన్లో వజ్రాలంటే ఏంట్రా? ఎవడో మనవాడికి ఊరికే ఇస్తానన్నాడట" అంది. నాకు గుండె జారింది. విడమరిచి అడిగితే తేలిందేమిటంటే, చిన్నాడు ఆడే ఆటలో ఎవడో జట్టులో చేరాడు. నువ్వు మహా బాగా ఆడతావన్నాడు. తనూ గుంటూరులో ఐదో తరగతే అన్నాడు. కొన్నాళ్ళు స్నేహంగా ఉండి, ఇక్కడ కాదు వేరే యాప్‌లోకి రా, అక్కడ మాట్లాడుకుందాం అన్నాడు. ఆటలో వాడుకునే ఆ వజ్రాలు కావాలంటే మీ నాన్న ఫోన్‌కి ఆరంకెలు వస్తాయి, అవి చెప్పు అన్నాడు. ఇంట్లో చెప్పకు, సర్‌ప్రైజ్ చేద్దాం అన్నాడు. మావాడు తిన్నగా వెళ్ళి నానమ్మని అడిగాడు. ఆవిడ చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా, "ఇంట్లో చెప్పొద్దన్నాడా? అయితే అది ముందు ఇంట్లో చెప్పాల్సిన మాటే" అని తేల్చేసిందట. వాడు ఆ గుంటూరు స్నేహితుణ్ణి బ్లాక్ చేశాడు.

ఓటీపీ అంటే ఏమిటో మా అమ్మకి తెలియదు. నాకు తెలుసు. వాడు ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను. వాడు చాలా న్యాయంగా జవాబిచ్చాడు. "సంక్రాంతి సెలవుల్లో ఆటలో పాడు యాడ్ వచ్చిందని చెప్పాను కదా. వారం రోజులు ఫోన్ తీసేసుకున్నావు." నిజమే. వాడేమీ తప్పు చేయలేదు, ఫిర్యాదు చేశాడు. నేను నిందితుణ్ణి వదిలేసి ఫిర్యాదుదారుకి శిక్ష వేశాను. పైగా ఆ పూట క్రమశిక్షణ గురించి లెక్చరిచ్చినట్టు కూడా గుర్తు.

తర్వాత ప్రసంగం కోసం అక్కడా ఇక్కడా చదువుతుంటే ఒక విషయం అర్థమైంది. పిల్లల్ని వలలో వేసుకునేవాడి పద్ధతి దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు పొగడ్త, తర్వాత కానుక, తర్వాత 'మన ఇద్దరి మధ్యే' అనే రహస్యం, అక్కణ్ణించి ఇంకో యాప్, అక్కడ ఒక ఫొటో, ఆ ఫొటో చేతికందాక బెదిరింపు. "మీ నాన్నకి తెలిస్తే చంపేస్తాడు" అని వాడంటాడు. "ఇలాంటివి నా కంటబడితే చంపేస్తా" అని నేను ఏనాడో అని ఉంచాను. వాడు రాసిన బెదిరింపు పత్రం మీద సాక్షి సంతకం నాదే. ఇంట్లో ఎన్ని తాళాలు వేసినా ఆ కాగితం చెల్లుతూనే ఉంటుంది.

బడిలో మైకు ముందుకి ఈ జ్ఞానంతో, ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాను. చెప్పాల్సినవి చెప్పాను. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మోసగాడి చేతికి చిక్కకుండా బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. మిగతా సైబర్ నేరాలకి సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ ఉంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. కోపంతోనో సిగ్గుతోనో చాటింగు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతా పేరు రాసుకుని, అప్పుడు బ్లాక్ చేయండి. ఫొటో అడ్డం పెట్టుకుని డబ్బడిగితే ఇవ్వకండి, ఇచ్చినవాణ్ణే మళ్ళీ అడుగుతాడు. 18 లోపు వాళ్ళ అలాంటి ఫొటో బయటికి పాకుతుందన్న భయం ఉంటే, అమెరికాలోని ఒక బాలల రక్షణ సంస్థ 2023 నుంచి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ నడుపుతోంది. ఫొటో మన ఫోన్ దాటదు. ఫోన్లోనే ఆ ఫొటోకి అంకెలతో ఒక వేలిముద్ర తయారవుతుంది, అది మాత్రమే వెళుతుంది, అందులో చేరిన కంపెనీలు దాంతో పోల్చి చూసి తీసేస్తాయి. 'వేలిముద్ర' అన్నచోట మూడో వరసలో చిన్నాడు తల వంచుకుని నవ్వుకున్నాడు.

బడి పెద్దల వైపు తిరిగి ఇంకో మాట కూడా అన్నాను. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోవడమే నేరం. బడి పరువు అనే సాకు అందులో లేదు. ఆ పిల్ల పేరు, ఫొటో బయటపెట్టకూడదు. "చూడండి ఎంత ఘోరమో" అని బాధపడుతూ అలాంటి వీడియోలు గ్రూపుల్లోకి తోసేవాళ్ళుంటారు. ఐటీ చట్టం 67బీ సెక్షన్ ప్రకారం అదీ నేరమే, బాధపడినందుకు మినహాయింపు లేదు. హాల్లో ఇద్దరు ముగ్గురు తండ్రులు ఫోన్లు తీసి ఏదో చెరుపుకోవడం కనిపించింది.

వెనక నుంచి ఒకాయన లేచి, "ఇదంతా ఎందుకండీ, ఆస్ట్రేలియాలో లాగా మొత్తం మూసేస్తే పోలేదా?" అన్నాడు. మా బావమరిది మెల్‌బోర్న్‌లో ఉండటం వల్ల ఆ దేశం తరఫున నేనే జవాబిచ్చాను. అక్కడ 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళ లోపువాళ్ళకి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ లాంటి వాటిలో ఖాతాలుండకూడదు. శిక్ష పిల్లలకీ కాదు, తల్లిదండ్రులకీ కాదు. కంపెనీలకే, దాదాపు 5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. ఖాతా లేకపోయినా యూట్యూబ్ చూడచ్చు. మా బావమరిది కొడుకు అంత శ్రమ కూడా పెట్టుకోలేదు. "మావాడు నా ఖాతాలోనే చూస్తున్నాడు బావా. అన్నమయ్య కీర్తనలు విందామని తెరిస్తే స్కేట్‌బోర్డు మీంచి ఎవడో కింద పడుతుంటాడు" అని వాపోయాడు. చట్టం గొప్పదే. దాన్ని ఇంటి గుమ్మం దాటించి లోపలికి తేవాల్సింది మళ్ళీ మా బావమరిదీ నేనూ. అక్కడే ఉంది ఇబ్బంది.

చివర్లో పిల్లల ప్రశ్నలకి మైకు ఇచ్చారు. ఆరో తరగతి పిల్ల ఒకతె లేచి, చేతులు కట్టుకుని, "సార్, మా నాన్న నన్నడక్కుండా నా ఫొటోలు పెడితే ఎవరికి కంప్లైంట్ చెయ్యాలి?" అంది. హాలంతా నవ్వింది. మా పెద్దది నవ్వలేదు. జవాబు కోసం నా వైపే చూస్తోంది. నేను మంచినీళ్ళు తాగాను.

ఆ రాత్రి ఇంట్లో ఒప్పందం కుదిరింది. బేరమంతా పెద్దది ఆడింది, నేను తలూపాను. వాళ్ళని అడక్కుండా నేను ఫొటో పెట్టకూడదు, పాతవి వాళ్ళు చెప్పినవన్నీ తీసేయాలి. వేళకి ఫోన్లు హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలి, నాదీ అక్కడే. ఆటలో తెలియని మనిషి, తెలియని లింకు, ఒళ్ళు జలదరించే వీడియో, ఏది వచ్చినా వచ్చి చెప్పాలి. చెప్పినందుకు ఫోన్ పోదు. ఈ చివరి షరతుకి మా అమ్మ జామీను.

పరీక్ష వెంటనే వచ్చిపడింది. మళ్ళీ ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను నిద్రలేచి కళ్ళు నులుముకుంటుంటే చిన్నాడొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నాన్నా, ఒకటి చెప్తా. ఫోన్ తీసుకోవు కదా?" నేను గురకపెట్టనని రోజూ వాదిస్తానట. సాక్ష్యం కోసం నా ఫోన్‌తోనే వీడియో తీశాడట. అక్కకి పంపబోతే పొరపాటున నా వాట్సాప్ స్టేటస్‌లోకి వెళ్ళిందట. ఆ స్టేటస్ కనిపించేవాళ్ళలో మా ఓనరుగారు, సగం మంది లారీ డ్రైవర్లు, క్లాస్ టీచరుగారు ఉన్నారు. తెరిచి చూశాను. నోరు తెరిచి ఉంది, బనీను బొజ్జ మీదికి ఎగదన్ని ఉంది, ధ్వని చాలా స్పష్టంగా వచ్చింది.

"ఇలా ఇవ్వు ఫో..." అని మొదలుపెట్టి, మా అమ్మ వైపు చూసి, మిగతా అక్షరం మింగేశాను. "చెప్పి మంచి పని చేశావురా" అన్నాను. ఆ నాలుగు ముక్కలు గొంతు దాటడానికి ఎంత యాతన పడ్డానో నాకే తెలుసు. వెంటనే వచ్చి చెప్పాడు కాబట్టి ఇద్దరం కలిసి స్టేటస్ తీసేశాం. ఓనరుగారు ఇంకా చూడలేదు. టీచరుగారు చూశారు గాని పెద్దమనిషి, ఇప్పటిదాకా ఆ ఊసెత్తలేదు.

నెట్‌లోకి వెళ్ళింది తిరిగి రాదని మైకులో చెప్పింది నేనే. మెల్‌బోర్న్‌లో అప్పుడు రాత్రి భోజనాల వేళట, మా బావమరిది తీరిగ్గా స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు. ప్రస్తుతం మా బంధువుల గ్రూపులో గుడ్‌నైట్ స్టిక్కర్ని నేనే.